ఫెయిలయ్యే టెస్ట్

పొద్దున్నే టీ గ్లాసు పక్కన పెట్టుకుని లాప్‌టాప్ తెరిచేసరికి అక్కకి తిట్లు ఎదురొచ్చాయి. తిట్టినవాడు చదువుకున్నవాడు, మర్యాదస్తుడు కూడాను. ప్రతి వాక్యంలోనూ ఒక 'దయచేసి' ఉంది. దయచేసి మీ సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉందని ఒప్పుకోండి, దయచేసి వెంటనే సరిచేయండి, మీ నిర్లక్ష్యం వల్ల మా డెలివరీ వాళ్ళ కనెక్షన్లు దారి మధ్యలో తెగిపోతున్నాయి. కింద పెద్ద ఇంజినీరు అనే హోదా, అందరికీ తెలిసిన డెలివరీ కంపెనీ పేరు. ఆ కింద, అవునవును అంటూ ఎవరెవరో ఎత్తిన బొటనవేళ్ళు.

తమ్ముడు ఆమెని అక్క అని పిలిస్తే అర్థముంది. కన్నతల్లి కూడా ఆ పిలుపుకే అలవాటు పడిపోయింది. పగలు ఆఫీసు ఉద్యోగం పోగా, పొద్దుటి టీ వేళా, సెలవురోజు సగం పూటా ఈ సాఫ్ట్‌వేర్‌కి ఇస్తుంది అక్క. ప్రోగ్రాములు రాసేవాళ్ళు దీన్ని లైబ్రరీ అంటారు గానీ ఇందులో పుస్తకాలేం ఉండవు. ఫోనుకీ, ఎక్కడో ఉన్న సర్వర్‌కీ మధ్య మాటలు మోసుకెళ్ళడం దీని పని. పాత పద్ధతిలో, ఇంట్లో వైఫై వదిలి వీధిలోకి రాగానే ఫోను చిరునామా మారేది, చిరునామా మారగానే మాట తెగేది. కొత్త పద్ధతిలో ప్రతి సంభాషణకీ ఒక గుర్తు ఉంటుంది. అద్దె ఇల్లు మారినంత మాత్రాన మనిషి మారిపోడు కదా, అలాగే చిరునామా మారినా గుర్తు చూసి సర్వర్ మాట కొనసాగిస్తుంది. ఆ పద్ధతికి కోడ్ రాసి అక్కా, ఎక్కడెక్కడో ఉన్న ఇంకొందరూ కలిసి జనం మధ్య పెట్టారు. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, విప్పి చూడొచ్చు, నచ్చినట్టు మార్చుకోవచ్చు. తీసుకున్నవాళ్ళు తిట్టకూడదని మాత్రం ఎక్కడా రాసుకోలేదు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది," అంది అక్క పైకే.

"ఎవరే అది?" అంది అమ్మ, స్టవ్ దగ్గర్నుంచి తిరక్కుండానే.

"తమ్ముడి కంపెనీ వాళ్ళే. మా లైబ్రరీ వాడుకుంటున్నారట. ఇవాళే తెలిసింది, తిట్టబట్టి."

"బాగుంది. వాడు జీతానికి చాకిరీ, నువ్వు ఊరికే చాకిరీ. నేనొక్కదాన్నే మిగిలాను, నన్నూ చేర్చుకోమను."

అక్క నవ్వేలోపు తలుపు తెరుచుకుంది. పొద్దుటి రద్దీలో రోడ్డు మీద ఉండాల్సిన తమ్ముడు గుమ్మంలో నిలబడ్డాడు. కంపెనీ చొక్కా విప్పి చంకలో పెట్టుకున్నాడు. లోపలికొచ్చి దాన్ని కుర్చీ మీదికి విసిరాడు, గురి తప్పి కింద పడింది. ఎవరూ తియ్యలేదు.

"ఐడీ బ్లాక్ చేశారు," అన్నాడు.

"ఎందుకురా?"

ఫోను బల్ల మీద పెట్టి తోశాడు. తెర మీద రెండే వాక్యాలు. ఆర్డరు చేతిలో ఉండగా పదేపదే, ఉద్దేశపూర్వకంగా కనబడకుండా పోయినందుకు మీతో సంబంధం ముగిస్తున్నాం. ఈ నిర్ణయానికి తిరుగులేదు.

"పారిపోయానట. నాతోపాటు ఇంకొందర్ని కూడా తీసేశారు. వాళ్ళ ఆఫీసుకి ఫోన్ చేస్తే, సిస్టం చెప్పింది అన్నారు. సిస్టంతో మాట్లాడించండి అన్నా. పెట్టేశారు." చెప్పులు విడవకుండానే నేల మీద కూర్చున్నాడు. "పార్సిల్ పట్టుకుని నేనెక్కడికి పారిపోతానక్కా? ఎవరింట్లోనో కూర్చుని తినేసి రానా?"

అక్క ఆ రెండు వాక్యాలూ చూసింది. లాప్‌టాప్‌లో తిట్లు చూసింది. కనెక్షన్ తెగడం, మనిషి మాయమవడం. రెండూ ఒకటే సంగతేమో అన్న అనుమానం అప్పుడే పుట్టింది. అరికాలి మంట నెత్తికెక్కింది గానీ, ఎవరి మీద చూపించాలో ఇంకా తెలీదు.

"పార్సిల్ కోసం హోటల్లో నిలబడతావు కదా. అక్కడ ఫోన్ దేని మీద ఉంటుంది?"

"హోటల్ వైఫై మీద. రోజూ వెళ్ళేవే కదా, దానంతటదే కలిసిపోతుంది."

"పార్సిల్ తీసుకుని గుమ్మం దాటాక?"

"ఫోన్ దానంతటదే టవర్‌కి మారుతుంది," అని ఆగాడు. "అయితే?"

"అయితే ఏంటో కిందికెళ్ళి చూద్దాం రా."

ఆఫీసుకి సెలవు చెప్పేసింది. తన ఫోన్లో ఒక చిన్న ప్రోగ్రాం పెట్టి, అది కంపెనీ సర్వర్‌తో ఏం మాట్లాడుతోందో లాప్‌టాప్ తెర మీద కనబడేట్టు వైరుతో కలిపింది. వైరు పొట్టిది. లాప్‌టాప్‌ని పళ్ళెంలా ఎడమ చేతి మీద మోస్తూ అక్క, ఫోను పట్టుకుని ఆమె మోచేతికి అతుక్కుని తమ్ముడు, ఇద్దరూ మెట్లు దిగారు. ఎదురొచ్చిన కింది వాటా ఆవిడ గోడకి జరిగి దారిచ్చింది.

"ఏంటమ్మా, ఇద్దర్నీ కలిపి కట్టేశారా?" అంది.

"పారిపోకుండా అండీ," అన్నాడు తమ్ముడు.

వీధి గుమ్మం దాటి కొంచెం నడవగానే ఇంట్లో వైఫై వదిలింది. తెర మీద వరసలు పరుగెత్తుతూ ఉన్నట్టుండి ఆగిపోయాయి. కాసేపటికి మళ్ళీ మొదటి పలకరింపు నుంచి మొదలయ్యాయి. అక్క వెనక్కి నడిచింది, మళ్ళీ ముందుకి నడిచింది. ఒక్కోసారి ఒక్కో చోట తెగింది గానీ ప్రతిసారీ తెగింది. తన లైబ్రరీ ఇలా తెగనివ్వకూడదు. దాని పుట్టుకే అందుకు. మెట్ల మీద కూర్చుని, తెరని పైకి జరుపుకుంటూ మొదటి పలకరింపు దాకా వెళ్ళింది. కొత్తగా కలిసినప్పుడు ఫోనూ సర్వరూ ఒకరి షరతులు ఒకరికి చెప్పుకుంటాయి. వాటిని వేలితో ఒక్కొక్కటే దాటుకుంటూ వచ్చి ఒక చోట ఆగింది.

"ఇదిగో. చూడు."

"ఏం చూడను? నాకది కోడిగీతలు."

"వాళ్ళ సర్వరే ముందుగా చెబుతోంది, మాట మధ్యలో చిరునామా మార్చకూడదు, మారిస్తే నాకు సంబంధం లేదు అని. అలా చెబితే ఊరుకోవాలన్నది రూలు. మా లైబ్రరీ రూలు పాటించి ఊరుకుంటోంది. అందుకే గుమ్మం దాటగానే మాట తెగుతోంది. ఆ తెగడాన్ని వాళ్ళలోనే ఇంకో డిపార్ట్‌మెంటు నువ్వు పారిపోయినట్టు రాసుకుంటోంది."

తమ్ముడికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక లేచి నిలబడ్డాడు.

"అంటే, పార్సిల్ తీసుకుని బయటికి రావడమే నా నేరం."

"అవును."

"బయటికి రాకుండా డెలివరీ ఎలా ఇస్తార్రా మీరు!" అని ఎవరూ లేని వీధి మీదికి అరిచాడు. పైన కిటికీలోంచి అమ్మ తొంగిచూసింది.

అక్క అప్పటికే సమాధానం టైపు చేస్తోంది. లైబ్రరీకి వచ్చే ఫిర్యాదులన్నీ అందరికీ కనబడే పేజీలో ఉంటాయి, సమాధానాలూ అక్కడే. కీబోర్డు టపటపలాడింది. రాసింది చదివి వినిపించమన్నాడు తమ్ముడు. ఇంగ్లీషులో రాసినదాన్ని తెలుగులో చెబుతూ పోయింది. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుందన్న దగ్గర మొదలై, ఆ పైన ఇంకా ఘాటెక్కింది.

"బాగుంది గానీ, తిట్లు తప్ప ఇందులో నాకేం తెలియలేదు," అన్నాడు.

నిజమే. అక్క మొత్తం చెరిపేసింది. చల్లారాక రాయాలనుకుంది, చల్లారలేదు.

మర్నాడు మధ్యాహ్నం పెద్ద ఇంజినీరు తనే ఫోన్ చేశాడు. లైబ్రరీ పేజీలో నంబరు ఉంది. రాయడంకన్నా మాట్లాడుకుంటే మంచిదన్నాడు. ఆమె ఆఫీసు పక్కన కాఫీ షాపుకి వస్తానన్నాడు, వచ్చాడు కూడా. సన్నగా ఉన్నాడు, చొక్కా ఇస్త్రీ నలగలేదు, కళ్ళ కింద మాత్రం నిద్రలేని నలుపు ఉంది. కాఫీ తెప్పించాడు, తాగలేదు.

అక్క లాప్‌టాప్ తిప్పి ఆ షరతు చూపించింది. అతను చూడను కూడా చూడలేదు.

"తెలుసండీ," అన్నాడు.

"తెలుసా?"

"ఫిర్యాదు రాసిన రోజు తెలీదు. మా వాళ్ళు లైబ్రరీ తప్పన్నారు, రాసేశాను. సాయంత్రానికి తెలిసింది. మా సర్వర్ల ముందు ఒక పాత మిషనుంది, ఏ ఫోన్ని ఏ సర్వర్‌కి పంపాలో అదే పంచుతుంది. అది చిరునామా తప్ప ఇంకేం గుర్తుపట్టదు. దాన్ని మార్చడం పెద్ద పని. అందుకని ఎవరో ఆ షరతు పెట్టేశారు, అందరూ మర్చిపోయారు."

"తెలిసినప్పుడు ఫిర్యాదు వెనక్కి తీసుకోవచ్చు కదా. తీసేసిన వాళ్ళని పిలవచ్చు కదా."

"అది చెప్పడానికే వచ్చాను." గ్లాసుని సాసరులో అటూ ఇటూ తిప్పాడు. "తప్పు మాదని మా వాళ్ళు చచ్చినా ఒప్పుకోరు. ఒప్పుకుంటే, అన్యాయంగా తీసేశామని ఒప్పుకున్నట్టు. లాయర్లు దిగుతారు, అందరి నోళ్ళూ మూతపడతాయి, ఆ కుర్రాళ్ళ సంగతి అక్కడితో సరి. అదే బయటి సాఫ్ట్‌వేర్‌లో లోపమైతే ఎవరికీ ఇబ్బంది లేదు. పెద్ద మనసుతో అందర్నీ వెనక్కి తీసుకుంటాం. మీరు మీ వైపు ఏదో లోపం సరిచేశామని ఒక చిన్న వెర్షన్ వదలండి చాలు. మా వైపు షరతు నేను తీసేయిస్తాను, పాత మిషన్ని మార్పిస్తాను. వారంలో అందరూ రోడ్డు మీద ఉంటారు."

"లేని లోపాన్ని ఉందని రాయాలి. మా కోడ్ మీద మేమే మచ్చ వేసుకోవాలి."

"ఊరికే ఇచ్చే సాఫ్ట్‌వేరే కదండీ. దాని పరువు పోతే మీకేం నష్టం?"

ఆ మాటకి అక్కకి ఒళ్ళు మండిపోయింది. లేచి వచ్చేద్దామనుకుంది. లేవలేకపోయింది. అతను చెప్పిన 'అందరూ'లో తమ్ముడున్నాడు. నిన్న రాత్రి భోజనం ముందు కూర్చుని, తిన్నట్టు నటించి, కంచం కడిగేసిన తమ్ముడు. ఆ సంగతి ఈ మనిషికి తెలీదు. తెలియనివ్వడం ఇష్టం లేకపోయింది.

"ఆలోచించి చెబుతాను," అంది.

సెలవురోజు పొద్దున్న కూర్చుని అబద్ధం రాసింది. కోడ్‌లో ఒక మూల రెండు వరసలు అటూ ఇటూ మార్చింది, దానివల్ల మంచీ లేదు చెడూ లేదు. పైన శీర్షిక పెట్టింది: చిరునామా మారినప్పుడు కనెక్షన్ తెగే లోపం సవరణ. ఇన్నేళ్ళలో ఆ లైబ్రరీలో ఆమె రాసిన తప్పులు బోలెడు, అబద్ధం మాత్రం ఇదే మొదటిది.

"నీ ఐడీ వారంలో వచ్చేస్తుంది," అని తమ్ముడితో చెప్పింది. వాడి మొహం విచ్చుకుంది. ఎలా అని అడగలేదు. అమ్మని పట్టుకుని గిరగిరా తిప్పాడు. వదలరా, నడుం పట్టేస్తుంది అని అరుస్తూనే అమ్మ నవ్వింది.

కానీ అబద్ధమైనా నిజమైనా వెంటనే లోపలికి పోదు. రాసినవాళ్ళు తమ మార్పుని తామే ఖాయం చేసుకోకూడదు, ఇంకొకరు చూసి సరే అనాలి. చూసేది 'సందేహం' అనే ఆయన. అది ఆయన పేరు కాదు, ప్రతి వరసకీ ఒక సందేహం లేవదీస్తాడని అందరూ కలిసి పెట్టిన పేరు. వయసు మళ్ళినవాడని తెలుసు గానీ, ఏ దేశంలో ఉంటాడో, ఎలా ఉంటాడో అక్క ఎప్పుడూ చూడలేదు. తెలుగువాడేనని మాత్రం ఒకసారి ఆయన విసుక్కున్నప్పుడు బయటపడింది.

సమాధానం టీ చల్లారేలోగా వచ్చింది. ఒక్కటే వాక్యం. ఫెయిలయ్యే టెస్ట్ ఏది?

అక్క నుదురు కొట్టుకుంది. "ఈ ముసలాయన ఒకడు! ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి."

"ఏమైందక్కా?" అన్నాడు తమ్ముడు. పక్కనే బట్టలు మడత పెడుతున్నాడు.

"ఫెయిలయ్యే టెస్ట్ కావాలట."

"అంటే?"

"మా దగ్గర ఒక కట్టుబాటుంది. కోడ్‌లో ఎవరైనా లోపం ఉందంటే ఊరికే నమ్మం. ఇదిగో ఇలా చేస్తే ఇక్కడ పడిపోతోంది అని ఒక టెస్ట్ రాసి చూపించాలి. అది మా అందరి ముందూ నడవాలి, ఫెయిలవ్వాలి. అప్పుడే లోపం అంటాం. సరిచేశాక అదే టెస్ట్ పాసవ్వాలి. టెస్ట్ లేదా, లోపం లేదు. చెప్పినవాడు ఎంత పెద్దవాడైనా సరే."

"ఇప్పుడు చూపించడానికేం?"

"లోపం ఉంటే కదరా చూపించడానికి!"

నోరు జారింది. ఇక దాచి లాభం లేక కాఫీ షాపు సంగతంతా చెప్పింది. తమ్ముడు వింటూనే ఒక చొక్కా మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. అంతా విన్నాక దాన్ని పక్కన పెట్టాడు.

"అయితే, మీ ప్రోగ్రాం తప్పు చేసిందని ఎవడైనా అంటే, ముందు రుజువు చూపించాలి."

"ఊఁ."

"అందరి ముందూ."

"ఊఁ."

"ప్రాణం లేనిదానికి." గొంతు మామూలుగానే ఉంది గానీ చెవులు ఎర్రబడ్డాయి. "నన్ను పారిపోయావన్నప్పుడు ఎవడూ ఏదీ చూపించలేదే. నేను పారిపోయానని ఏ టెస్ట్ రాశారు? ఎవరి ముందు నడిపారు? ఫోన్లో రెండు ముక్కలు పడేశారు, తిరుగులేదన్నారు. ఇప్పుడు నువ్వేమో తప్పు మీ ప్రోగ్రాందేనని ఒప్పుకుని నన్ను వాళ్ళ దయ మీద పంపిస్తావా?"

"నీకోసమేరా! నాకేం సరదానా?" అక్క కూడా గొంతు పెంచింది. "నిజం రాస్తే నీ ఐడీ ఎప్పటికీ రాదు, తెలుసా? నువ్వొక్కడివే కాదు, ఎవరికీ రాదు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నన్నేం చెయ్యమంటావు?"

"ఏమో. నన్నడక్కుండా మాత్రం చెయ్యకు. నన్ను అడక్కుండా చెయ్యడం వాళ్ళ పద్ధతి."

చెప్పులేసుకుని బయటికి పోయాడు. అమ్మ ఇద్దరి మాటలూ విని, ఎవరి వైపూ మాట్లాడకుండా మిగిలిన బట్టలు మడత పెట్టింది.

సాయంత్రం వెలుగుండగానే తిరిగొచ్చాడు. తనతోపాటు తీసేసిన వాళ్ళందర్నీ కలిసొచ్చాడట. సగం మంది నిజమే రాయమన్నారు. సగం మంది తిట్టారు. నీకేంరా, అక్క జీతం ఉంది, పౌరుషం చూపిస్తావు, మా పిల్లలకి పౌరుషం వండి పెట్టమంటావా అన్నాడట ఒకడు. తమ్ముడు ఆ మాట దాచకుండా చెప్పాడు. చెప్పేటప్పుడు కిందికి చూశాడు.

"వాడన్నదీ నిజమేరా," అంది అక్క.

"నిజమే. కానీ అక్కా, ఇవాళ దయతో తీసుకున్నవాడు రేపు మళ్ళీ పారిపోయావంటాడు. అప్పుడు నీ లైబ్రరీని సాక్ష్యంగా చూపించలేం. అప్పటికి దాని మాట కూడా ఎవడూ నమ్మడు."

అక్క లాప్‌టాప్ దగ్గరికి జరుపుకుంది. పొద్దున పంపిన మార్పుని వెనక్కి తీసుకుంది. క్షమించమని సందేహానికి ఒక ముక్క రాసింది. అప్పుడు అసలు టెస్ట్ రాయడానికి కూర్చుంది. అది రాయడం నిమిషాల పని, ఎందుకంటే అందులో నిజం తప్ప ఏం లేదు. ఒక సర్వర్, చిరునామా మార్చకూడదన్న షరతుతో. ఒక ఫోన్, గుమ్మం దాటుతూ. కనెక్షన్ తెగింది. షరతు తీసేస్తే, తెగలేదు. లైబ్రరీలో ఒక్క అక్షరం మారలేదు. దాన్ని ఫిర్యాదు కింద పెట్టి ఒక్క తిట్టూ లేకుండా రాసింది: లోపం మీ షరతులో ఉంది. దీనివల్ల మీరు పనిలోంచి తీసేసిన వాళ్ళు ఎక్కడికీ పారిపోలేదు.

పెద్ద ఇంజినీరు మర్నాడే ఫోన్ చేశాడు. దయచేసి అనే మాట పోయింది.

"ఏం చేశారండీ మీరు! దారి చూపిస్తే మూసేశారు. ఇప్పుడు వాళ్ళని ఎవరూ తీసుకోలేరు. అసలు మీకూ వాళ్ళకీ ఏం సంబంధం?"

"అందులో ఒకడు మా తమ్ముడు."

"ముందే చెప్పుండాల్సింది," అన్నాడు ఇంజినీరు.

"చెబితే? వాడొక్కణ్ణీ తీసుకునేవారా?"

ఫోన్ పెట్టేశాడు.

ఆ తర్వాత కంపెనీ తేలు కుట్టిన దొంగలా ఉండిపోయింది. కొన్నాళ్ళకి అక్క తన చిన్న ప్రోగ్రాంతో వాళ్ళ సర్వర్‌ని పలకరించి చూసింది. షరతు లేదు. చప్పుడు చెయ్యకుండా తీసేశారు. ఇప్పుడు ఎవరి ఫోనైనా గుమ్మం దాటొచ్చు, వీధి దాటొచ్చు, సర్వర్ గుర్తుపట్టి మాట కొనసాగిస్తుంది. తమ్ముడు తన ఫోను తెరిచాడు. అవే రెండు వాక్యాలు. తిరుగులేదు.

"ఫోనుని క్షమించారు. నన్నే మిగిల్చారు," అన్నాడు.

ఆ రాత్రి కంచం తీశాక తమ్ముడు, నాకూ ఆ పేజీలో రాయడానికి వీలవుతుందా అని అడిగాడు. ఎవరైనా రాయొచ్చు అంది. ఇంగ్లీషు రాదన్నాడు. తెలుగులో రాయి అంది. ఒంటి వేలితో, తప్పులు దిద్దుకుంటూ, ఫిర్యాదు అడుగున రాశాడు: "నేను పారిపోయానని మీరన్నారు. ఫెయిలయ్యే టెస్ట్ చూపించండి."

తెల్లారేసరికి దాని కింద అదే వాక్యం, అవే అక్షరాలతో ఇంకొకరిది. దాని కింద ఇంకొకరిది. పిల్లలకి పౌరుషం వండి పెట్టమన్నవాడు కూడా రాశాడు. అక్కడి కోడ్ వాళ్ళకి తెలుగు రాదు, దీని అర్థమేంటని ఒకరిద్దరు అడిగారు. అక్క ఇంగ్లీషులో చెప్పింది.

మధ్యాహ్నానికి కంపెనీ నుంచి ఈమెయిల్ వచ్చింది, ఇంజినీరు దగ్గర్నుంచి కాదు. ఈ వ్యాఖ్యలకీ మీ సాఫ్ట్‌వేర్‌కీ సంబంధం లేదు, మీ నియమాల ప్రకారమే ఈ ఫిర్యాదుని మూసేయాలి. వాళ్ళన్నది న్యాయమే, అదే ఒళ్ళు మండించే సంగతి. సంబంధం లేని ఫిర్యాదుల్ని అక్కే ఎన్నోసార్లు ముక్కు మీద కోపంతో మూసేసింది. మూసేసే మీట ఆమె చేతిలోనే ఉంది. ఏం చెయ్యాలో తోచక సందేహాన్ని అడిగింది, రూలంటే ప్రాణం కదా ఆయనకి. ఈయన మూసేయమంటే ఇక అంతే అనుకుంది.

ఆయన ఫోన్ చేశాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి గొంతు వినబడింది, బొంగురుగా, దగ్గుతో.

"మూయడానికేముందమ్మా? ఈ ఫిర్యాదు ఇచ్చిందెవరు?"

"కంపెనీ వాళ్ళు."

"టెస్ట్ ఇచ్చారా?"

"లేదు మాస్టారూ."

"అయితే రూలు రూలే. రుజువు కోసం ఎదురుచూస్తున్నాం అని చీటీ పెట్టాను. పడిందో లేదో చూసుకో."

పడింది. ఆ చీటీ పెడితే, రుజువు ఇంకా రాలేదని ఫిర్యాదు ఇచ్చినవాళ్ళకి ఆ పేజీ నడిపే మిషను రోజూ గుర్తు చేస్తుంది, అందరికీ కనబడేట్టు. మామూలుగా కొన్నాళ్ళు అడిగి, జవాబు రాకపోతే విసిగి తనే మూసేస్తుంది. అక్క లోపలికి వెళ్ళి, ఈ ఒక్కదానికి ఆ విసుగుని తీసేసింది.

తమ్ముడిప్పుడు ఒక గోడౌన్‌లో సరుకు దించే పనికి వెళుతున్నాడు. భుజం ఒరుసుకుపోయి వస్తాడు. పొద్దున్న టీ తాగుతూ అక్క వెనకాల నిలబడి తెరలోకి తొంగిచూస్తాడు.

"ఇవాళ అడిగిందా?"

"అడిగింది."

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు."

"రేపు?"

"వాళ్ళు చూపించేదాకా అడుగుతుంది."

తమ్ముడు గ్లాసు సింకులో పెట్టి పనికి బయల్దేరాడు.